ఇంటిపేరు ముందా, వెనకా?

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరే సత్యం,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు లేదని అలిగే ఉంటావు. ఏం చెయ్యమంటావు, ఈ నెలంతా మా అరుగు మీద కాలు పెట్టే చోటు లేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు పెట్టించమని ప్లస్ టూ పిల్లలు జిరాక్సులు పట్టుకుని పొద్దున్నే దిగిపోతున్నారు. రిటైరయ్యాక బోలెడు చదువుతానన్నాను కదా, చదువుతున్నవన్నీ ఆధార్ కార్డులే.

వచ్చేవాళ్ళలో చాలామందికి మార్కులున్నాయి, అర్హతా ఉంది. బండి ఆగేది పేరు దగ్గర. మనకి ఇంటిపేరు ముందు, ఒడియా వాళ్ళకి వెనక. లక్ష్మి అనే పిల్ల అనుకో. బళ్ళో చేర్చినప్పుడు మాస్టారు 'కె. లక్ష్మి' అని రాసి ఊరుకున్నారు. (నేనూ అలా ఎంతమందికి రాశానో!) ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా వెనక్కి వెళ్ళింది. పాసుబుక్కులో తండ్రి పేరులోని 'రావు' కూడా వచ్చి కూర్చుంది. ముగ్గురూ ఒకే గుంట అని నాకు తెలుసు, కంప్యూటరుకి తెలీదు. అందుకే వెబ్‌సైటు తెరవక ముందు కాగితాలన్నీ చాప మీద పరిచి, మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్‌తో ఒక్కో అక్షరం సరిచూస్తున్నాను. తేడా ఉంటే ముందు ఆధార్ దిద్దించాలి. ఫలితాలొచ్చాక మొదలుపెడితే గడువు మీద పడి టెన్షన్.

గిడుగు వారు ఈ ఊళ్ళోనే ఉండి సవర గిరిజన పిల్లలకి సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే ఒప్పుకోలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళారు, మన తాతలు ఉండిపోయారు. ఈ ఇంటిపేర్ల గొడవ మనకి మిగిలింది.

ఇంకో సంగతి. బ్యాంకులో చేసినవాడివి, నీకు కొత్త కాదు గానీ నాకు పోయినేడే తెలిసింది. ఆధార్ ద్వారా పడే డబ్బు ఆధార్‌తో చివరగా సీడ్ చేసిన, అంటే జోడించిన, ఖాతాలోకే పోతుందట. గుమ్మ వైపు కొండ ఊరి సవర కుర్రాడొకడు స్కాలర్‌షిప్ డబ్బు కోసం ఆరు నెలలు ఎదురు చూశాడు. ఇక రాదనుకుని కేరళ పనికి పోవడానికి సంచి సర్దుకున్నాడు. నేను గదమాయించి కూర్చోబెట్టి సీడింగ్ స్టేటస్ చూస్తే, డబ్బు ఎప్పుడో వచ్చేసింది! ఏదో క్యాంపులో తెరిచిన పాత ఖాతాలో పడి ఉంది. ఆ ఖాతా ఉన్నట్టు వాడికే గుర్తు లేదు. ఆ రోజు వాడికంటే నాకే ఎక్కువ ఏడుపొచ్చింది.

అపోహలు కూడా తక్కువేం లేవు. శ్రీకాకుళంలోనో విశాఖలోనో చేరితే ఒడిశా ఇవ్వదని మానేస్తున్నారు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఎక్కడ చదివినా సొంత రాష్ట్రమే ఇవ్వాలి, ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకపోతే చాలు. (ఆదాయం అడిగితే పరువుకోసం పెంచి చెప్పే తండ్రులున్నారు, వాళ్ళతో నా తిప్పలు వేరే రాస్తాను.) బీసీల సంగతే చిక్కు. అవతల ఆంధ్రా జాబితాలో ఉన్న కులం ఇవతల ఒడిశా జాబితాలో ఉండాలని లేదు, అవతల మెళియాపుట్టిలో మేనమామ కొడుక్కి వచ్చింది నాకెందుకు రాదని పోట్లాడతారు.

కేంద్రం ఇచ్చేది ఇంకోటుంది. డిగ్రీకి ఏడాదికి 12,000, ఆదాయ పరిమితి నాలుగున్నర లక్షలు. దానికి 80 శాతం మార్కులు రావాలనుకుని డెబ్బై వచ్చినవాళ్ళు దరఖాస్తే పెట్టడం లేదు. కావలసింది మార్కుల శాతం కాదురా, తమ బోర్డులో తమ గ్రూపు పాసైనవాళ్ళలో పై ఇరవై శాతంలో ఉండటం. కాకపోతే ఇంకో స్కాలర్‌షిప్ తీసుకుంటూ ఇదీ కావాలంటే కుదరదు. దీనికి ముందుగా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఓటీఆర్ (వన్ టైమ్ రిజిస్ట్రేషన్) అని 14 అంకెల నంబరు తీసుకోవాలి. నిన్న ఒకడు దాన్ని అరచేతి మీద రాసుకుని, అన్నం తిని, చెయ్యి కడిగేసుకుని వచ్చాడు.

అసలు నీకు రాస్తున్నది ఇందుకే. గుణుపురం రైలెక్కి వచ్చి ఒక్క వారం ఉండు. అరుగు మీద కుడివైపు నేను కాగితాలు చూస్తాను, ఎడమవైపు నువ్వు పాసుబుక్కులు పట్టు. బ్యాంకుకి వెళ్ళి నేనడిగితే రేపు రమ్మంటున్నారు, నువ్వైతే వాళ్ళ భాషలోనే అడుగుతావు. మీ చెల్లెమ్మ కొండ చీపుళ్ళు, చింతపండు సిద్ధం చేస్తానంటోంది, తిరిగి వెళ్ళేటప్పుడు మోసుకుపోదువుగాని. భూతద్దం మాత్రం మర్చిపోకు. ఈ జిరాక్సుల్లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి.

నీ
రామం