టికెట్‌పై మొత్తం ప్రయాణ గంటలు రాయాలి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో మా మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. కూతురి కాన్పుకో, మనవడిని చూసుకోవడానికో పెద్దవాళ్లు విమానం ఎక్కుతుంటారు. టికెట్ పిల్లలే కొని ఫోన్‌కు పంపిస్తారు. అందులో పెద్ద అక్షరాల్లో కనిపించేవి బయలుదేరే టైమ్, చేరే టైమ్. అవి ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటాయి. మొత్తం ఎన్ని గంటల ప్రయాణమో వెతుక్కోవాలి.

వేసవిలో మధ్యాహ్నం 2 గంటలకు బెంగళూరులో బయలుదేరి, పదహారు గంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరే విమానం ఉందనుకోండి. దిగేసరికి అక్కడ అదే రోజు సాయంత్రం 5.30. మనకు, వాళ్లకు అప్పుడు పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. కాగితం మీద మూడున్నర గంటల ప్రయాణం! నవ్వుకోవచ్చు గానీ, ఇన్సులిన్ వేసుకునే మనిషికి ఏ పూట మందు ఎప్పుడో ముందే తెలియాలి కదా. కాళ్లు వాచేవాళ్లు నడవ పక్క సీటు అడగాలన్నా ఈ లెక్క తెలియాలి.

దూరాన్ని బట్టి మనమే లెక్కేసుకుందామంటే అదీ కుదరదు. ఆ రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి దాదాపు 14,000 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున భాగిస్తే పదిహేనున్నర గంటలు వస్తుంది. 2021 జనవరిలో ఎయిరిండియా మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా నడిపిన తొలి నేరు విమానం ఇక్కడికి రావడానికి సుమారు 17 గంటలు పట్టింది. గాలి వాటం, రన్‌వే కోసం ఆగడం, మూసిన గగనతలాన్ని చుట్టి వెళ్లడం, ఇవేవీ మ్యాప్‌లో గీతకు తెలియవు. చెన్నై నుంచి లండన్ పోయేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడు మామూలుగా టైమ్ తగ్గుతుంది. పైన పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ గాలులే కారణం.

2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసినప్పుడు కొన్ని దూర ప్రయాణాల టైమ్ పెరిగింది, ఇంధనం కోసం మధ్యలో దిగాల్సి వచ్చింది. అప్పుడు విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ మంచి పని చేసింది. పెరిగిన టైమ్, మధ్యలో ఆగే అవకాశం గురించి ప్రయాణికులకు ముందుగా చెప్పాలని, సరిపడా భోజనం, మందులు ఉంచాలని విమాన సంస్థలను ఆదేశించింది. అదే పని మామూలు రోజుల్లోనూ జరగాలి, అదీ చెక్-ఇన్ దగ్గర కాదు, టికెట్ కొనేటప్పుడే. అప్పటికి విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి దాకా ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చిన మనిషికి కౌంటర్ దగ్గర చెప్పి ఏం లాభం?

ప్రతి టికెట్ మీద గేటు నుంచి గేటు దాకా పట్టే మొత్తం గంటలు, మధ్యలో విమానం మారితే అక్కడ కూర్చోవాల్సిన టైమ్‌తో సహా, పెద్ద అంకెల్లో ఉండాలి. తెలుగు, కన్నడ, తమిళాల్లో ఒక్క లైన్ చాలు. దారి మారితే కొత్త లెక్కను మెసేజ్‌గా పంపాలి. ఈ నిబంధన వెబ్‌సైట్లకే కాకుండా ట్రావెల్ ఏజెంట్లు ఇచ్చే ప్రింటుకూ వర్తించాలి. పెద్దవాళ్లు సంచిలో పెట్టుకుని పదేపదే తీసి చూసుకునేది ఆ కాగితమే.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు