యోల్ యుద్ధఖైదీల శిబిరం ఆనవాళ్లను కాపాడండి

కాంగ్రా జిల్లా డిప్యూటీ కమిషనర్ గారికి,

నమస్కారం. హిమాచల్ ప్రదేశ్‌లో ధౌలాధార్ కొండల కింద ఉన్న యోల్ గురించి ఈ లేఖ. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన ఇటాలియన్ సైనికాధికారులను బ్రిటిష్ వాళ్లు వేల సంఖ్యలో తెచ్చి ఇక్కడ ఉంచారు. 1943 సెప్టెంబర్ 8న ఇటలీ లొంగుబాటు ప్రకటన వెలువడ్డాక ఖైదీలు రెండుగా చీలిపోయారు. మిత్రరాజ్యాలకు సహకరిస్తామన్నవాళ్లు కొందరు, ముస్సోలినీనే నమ్ముకున్నవాళ్లు కొందరు. ఒక దేశం రెండు ముక్కలైన బాధ, ఆ దేశానికి ఇంత దూరంలో, ముళ్లకంచెల మధ్య కూడా నడిచింది. మన పాఠ్యపుస్తకాల్లో దీని ఊసే లేదు, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

1958 నాటి పురాతన కట్టడాల చట్టం కిందికి రావాలంటే కనీసం 100 ఏళ్లు నిండాలి. శిబిరానికి ఆ వయసు 2040 దాటితే గానీ రాదు. అప్పటిదాకా ఆగితే కాపాడటానికి ఏం మిగులుతుంది? పైగా 2023లో ఖాస్ యోల్ పౌర ప్రాంతాన్ని కంటోన్మెంట్ నుంచి తప్పించారు. ఇకపై కొత్త నిర్మాణాలు పెరుగుతాయేమోనని నా టెన్షన్.

అందుకే ముందు సర్వే చేయించండి. మిగిలిన గోడలు, పునాదులు ఏవైనా ఉంటే మ్యాప్‌లో గుర్తించి ఫొటోలు తీయించండి. సైన్యం అధీనంలోని భాగానికి వాళ్ల అనుమతి అడగండి. స్థానిక పెద్దలు చెప్పేది రికార్డు చేయించండి, ఈ పని మాత్రం ఒక్క ఏడాది కూడా ఆగడానికి వీల్లేదు. ఇటలీలోని ఖైదీల కుటుంబాల దగ్గరున్న ఉత్తరాలు, డైరీల నకళ్ల కోసం ఆ దేశ రాయబార కార్యాలయానికి రాయండి.

సర్వే ఎప్పుడు మొదలవుతుందో బహిరంగంగా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చరిత్ర అభిమాని