వార్షిక నివేదిక 2024–25: పుస్తకాల వెబ్ అప్లికేషనుకు సాధనాల ఎంపిక

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

కడపలోని మన పఠన మందిరంలో ఉన్న పుస్తకాల వివరాలూ, జారీ లెక్కలూ ఇంటి నుంచే చూసుకునేలా వెబ్ అప్లికేషన్ తయారు చేయించాలని గత సర్వసభ్య సమావేశం తీర్మానించింది. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయం ఆ పనికే వెచ్చించింది. వేసవి పఠన తరగతులు, పాత పుస్తకాల బైండింగు యథావిధిగా సాగాయి. వాటి ఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి.

సాధనం ఏదైనా, పట్టికల అమరిక ముందు కుదరాలని సాంకేతిక ఉపసంఘం మొదటే పట్టుబట్టింది. మన పుస్తకాల జాబితా ఉన్న ఎక్సెల్ షీటులో ఒకే పుస్తకం పేరు నాలుగు వరుసల్లో నాలుగు రకాలుగా ఉండేది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి అనేక రాతప్రతులు సేకరించి, పండితుల చేత పాఠాంతరాలు సరిచూయించిన సంగతి మన ఊరివారికి తెలిసిందే. కృతి ఒకటి, ప్రతులు అనేకం అన్న ఆ భేదాన్నే, సమాచారమంతా భద్రపరిచే డేటాబేసులోనూ పాటించి, కృతులకు, ప్రతులకు, సభ్యులకు, జారీలకు వేర్వేరు పట్టికలు గీశాం. సమాచారాన్ని పరస్పర సంబంధం గల పట్టికలుగా అమర్చే పద్ధతిని రిలేషనల్ పద్ధతి అంటారు. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన ఆ పద్ధతికి ఇది సరిగ్గా ఒదుగుతుంది.

డేటాబేసును నడిపే సాఫ్ట్‌వేర్లలో మూడింటిని పరిశీలించాం. ఎస్‌క్యూలైట్‌కు వేరే సర్వరు అక్కర్లేదు, డేటా అంతా ఒకే ఫైలులో ఉంటుంది, మనలాంటి చిన్న సంస్థకు అది చాలుననే వాదనలో బలం ఉంది. అయితే పట్టికల మధ్య సంబంధాల తనిఖీని అందులో మనమే ప్రత్యేకంగా ఆన్ చేసుకోవాలి. అది మరచిపోతే, జాబితాలో లేని సభ్యుని పేరిట కూడా జారీ నమోదైపోతుంది. మైఎస్‌క్యూఎల్ వెబ్‌సైట్లకు చోటిచ్చే చవక హోస్టింగు సేవల్లో దాదాపు అన్నిటిలో దొరుకుతుంది. చివరకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను ఎంచుకోవడానికి ముఖ్య కారణం తెలుగు అకారాది క్రమం.

కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఉండే యూనికోడ్ సంఖ్యల వరుసలో ళకారం లకారం వెంటనే, వకారానికి ముందే వస్తుంది. ఱకారం రకారం పక్కన కూర్చుంటుంది. మన వర్ణమాలలో ఈ రెండూ హకారం తరవాతివి. 2023లో విడుదలైన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 16వ వెర్షన్ నుంచి ఇటువంటి క్రమ నియమాలను మనమే రాసుకునే వీలు కలిగింది. తెలుగు పుస్తకాల జాబితా తెలుగు క్రమంలోనే ఉండాలన్నది కార్యవర్గం దృఢాభిప్రాయం.

వెతుకులాటలో ఇంకో చిక్కు ఉంది. పొల్లు అక్షరం తరవాతి హల్లుకు ఒత్తుగా మారకుండా టైపు చేసేటప్పుడు మధ్యలో కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు చేరుతుంది. ఒకరు ఆ గుర్తుతో నమోదు చేసి, ఇంకొకరు అది లేకుండా వెతికితే, పుస్తకం అలమరలో ఉన్నా తెర మీద దొరకదు. అందువల్ల పేరును ఉన్నదున్నట్టు ఒక గడిలో, ఆ గుర్తు తీసేసిన రూపాన్ని వెతుకులాట కోసం మరో గడిలో భద్రపరచాలని నిర్ణయించాం. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత జాబితాలను యూనికోడుకు మార్చాక, మనిషి చదివి సరిచూడక తప్పదు.

అప్లికేషన్ నిర్మాణానికి సిద్ధ చట్రాలుగా పనికొచ్చే లారావెల్, జాంగో అనే సాధనాల మధ్య చర్చ సుదీర్ఘంగా సాగింది. పీహెచ్‌పీ (లారావెల్‌కు ఆధారమైన ప్రోగ్రామింగ్ భాష) తెలిసినవారు ఊళ్లో సులభంగా దొరుకుతారని లారావెల్ వైపు వాదించిన సభ్యుల మాట సహేతుకమైనదే. అయినా జాంగో వైపు మొగ్గాం. అమెరికాలోని కాన్సస్‌లో ఒక వార్తాపత్రిక కార్యాలయంలో పుట్టి, 2005లో అందరికీ విడుదలైన పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని ఈ సాధనంలో, పట్టికల నిర్వచనం రాయగానే నమోదుకు, సవరణకు కావలసిన తెరలు దాదాపు సిద్ధంగా లభిస్తాయి. ప్రోగ్రామింగ్ తెలియని మన గ్రంథపాలకులు రోజూ చేసేది ఆ పనే కాబట్టి, మాకు అన్నిటికన్నా అదే ముఖ్యమనిపించింది. దీర్ఘకాల మద్దతు గల వెర్షన్లకు మూడేళ్ల పాటు భద్రతా సవరణలు అందుతాయి గనుక, ఏటా అప్లికేషనును తిరగరాసే అవసరం రాదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని దృష్టిలో ఉంచుకొని, సభ్యుల ఫోన్ నంబర్లు, ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న వివరాలు బహిరంగ పేజీల్లో కనబడకుండా ఏర్పాటు చేస్తున్నాం. ప్రతి రాత్రీ డేటాబేసు నకలు తీసి వేరే చోట భద్రపరచడం, ఆ నకలును అప్పుడప్పుడు తెరిచి పరీక్షించడం సాంకేతిక ఉపసంఘం బాధ్యత.

యూనికోడుకు మార్చిన జాబితాను, పుస్తకాలు చేరినప్పుడు నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్లతో పోల్చి చూసే పని వచ్చే నెల మొదలవుతుంది. పాత తెలుగు చేతిరాత చదవగల సభ్యులు పఠన మందిరంలో తమ పేర్లు నమోదు చేసుకోవలసిందిగా కోరుతున్నాం.

కార్యదర్శి
కార్యవర్గం తరఫున, కడప