లెక్కలోకి రాని పని

చిట్టితల్లీ,

"వార్డులో నర్సులందరికీ ఆరుగురు పేషెంట్లే కదమ్మా, నేనొక్కదాన్నే ఎందుకు వెనకబడిపోతున్నాను?" అని అడిగావు. అది నీ చేతకానితనం కాదు. ఆ ఆరు అనే అంకెలోనే ఉంది తిరకాసంతా.

ఎనిమిది గంటల డ్యూటీ అంటే 480 నిమిషాలు. వచ్చేటప్పుడు పేషెంట్లని ఒప్పుకునే హ్యాండోవర్‌కి 20, వెళ్లేటప్పుడు అప్పజెప్పడానికి 20, భోజనానికి 30 తీసేస్తే 410 మిగులుతాయి. ఆరుగురికీ పంచితే ఒక్కొక్కరికి 68. ఇప్పుడు ఆ ఆరుగురిలో ఒకాయనకి ఇన్సులిన్ డ్రిప్ నడుస్తోందనుకో. గంటగంటకీ వేలు గుచ్చి షుగర్ చూడాలి, రేటు మార్చాలి, మార్చింది ఇంకో నర్సుకి చూపించాలి, రాయాలి. ఒక్కోసారికి 7 నిమిషాలు వేసుకున్నా ఎనిమిదిసార్లకి 56. ఇక ఆయనకి మిగిలింది 12 నిమిషాలు. మందులు, బీపీ, ఒళ్లు తుడవడం, ఇంటివాళ్ల ప్రశ్నలు అన్నీ అందులోనే సర్దాలి. పక్క బెడ్‌లో తనంతట తాను కదల్లేని మనిషి. రెండు గంటలకోసారి ఇద్దరు పట్టి పక్కకి తిప్పడానికి 10 నిమిషాలు. నాలుగుసార్లకి నీవి 40, నీకు చెయ్యి సాయం వచ్చిన అమ్మాయివి 40. ఆ రెండో నలభై ఎవరి ఖాతాలోనూ పడవు. మూడో ఆవిడకి రక్తం ఎక్కించాలి. ప్రాణం మీదికొచ్చే రియాక్షన్లు ఎక్కువగా మొదట్లోనే వస్తాయి గనక తొలి 15 నిమిషాలు మంచం దగ్గర్నుంచి కదలకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన బ్యాగు నాలుగు గంటల్లో పూర్తవ్వాలి, అంచేత తర్వాత చూద్దాం అనడానికీ లేదు. అవతలి వరుసలో నీ తోటి అమ్మాయికి నడిచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చే ఆరుగురు ఉండొచ్చు. రోస్టర్ కాగితం మీద మీరిద్దరూ సమానమే.

ఇంకో సంగతి. చాలాచోట్ల పేషెంట్లని అర్ధరాత్రి లెక్కపెడతారు. పొద్దున ఒకరిని డిశ్చార్జ్ చేసి పంపి, మధ్యాహ్నం అదే మంచం మీదికి కొత్త మనిషిని తీసుకున్నావంటే ఒక్క మంచానికి ఇద్దరి పని చేశావు. డిశ్చార్జ్‌కి అరగంట, అడ్మిషన్‌కి ముప్పావుగంట ఎటూ పోవు. రాత్రి పన్నెండింటికి లెక్కపెట్టేవాళ్లకి మాత్రం ఆ మంచం మీద ఒక్కరే ఉంటారు. సర్జికల్ వార్డుల్లో నర్సులు కూలబడిపోయేది ఎక్కువగా ఇక్కడే, ఈ రాకపోకల దగ్గర.

పంపకం చెడిపోవడానికి కారణాలు పెద్ద రహస్యాలేం కావు. 1 నుంచి 6 ఒకరికి, 7 నుంచి 12 ఇంకొకరికి అని బెడ్ నంబర్లు చూసి పంచేస్తారు. నోరెత్తని పిల్లకీ, పని వచ్చిన పిల్లకీ బరువు కేసులు వెళ్తాయి. నలుగురు డ్యూటీలో ఉన్నారంటారు గానీ అందులో ఇద్దరు పోయిన నెల చేరినవాళ్లయితే ఆ నలుగురూ నలుగురు కారు, వాళ్లకి నేర్పే పని కూడా మిగతా ఇద్దరి మీదే. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి కూడా పూర్తి పేషెంట్లని ఇచ్చేస్తే వార్డు మొత్తాన్ని చూసే కళ్లే ఉండవు. ఫార్మసీకి పరిగెత్తడం, ల్యాబ్ రిపోర్టుల కోసం ఫోన్లు, దుప్పట్ల వేట వీటికి తోడు. అందుకే ఇన్‌ఛార్జ్‌ని శత్రువుగా చూడకు. చాలాసార్లు ఆవిడ చేతులూ కట్టేసే ఉంటాయి.

పని మించిపోతే ముందుగా జారిపోయేవి మందులు కావు. మందు ఇవ్వకపోతే ఛార్టులో ఖాళీ గడి కనిపిస్తుంది. నోరు శుభ్రం చేయడం, పక్కకి తిప్పడం, లేపి నాలుగడుగులు నడిపించడం, ఇంటికెళ్లాక మందులు ఎలా వేసుకోవాలో కూర్చుని చెప్పడం, ఇవి జారిపోతాయి. ఆ డ్యూటీలో ఎవరికీ ఏమీ తెలియదు. తర్వాత ఎవరో మడమ ఎత్తి చూస్తే ఎర్రటి మచ్చ ఉంటుంది. వేలితో నొక్కి తీస్తే తెల్లబడదు, ఎర్రగానే ఉండిపోతుంది. పుండు మొదలైందని అర్థం. అప్పుడు ఎవరి తప్పని వెతుకుతారు గానీ ఆ రోజు ఎంతమంది డ్యూటీలో ఉన్నారని అడగరు.

ఇది నీ ఒక్క వార్డు గొడవ కాదు తల్లీ. లిండా ఏకెన్ అనే నర్సింగ్ పరిశోధకురాలి బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల లెక్కలు తీసింది. ఆపరేషన్ పేషెంట్లలో నర్సుకి ఒక్కరు అదనంగా చేరినప్పుడల్లా 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగినట్టు తేలింది. కాలిఫోర్నియాలో 1999లో చట్టం చేసి 2004 నుంచి అమల్లో పెట్టారు. ఐసీయూలో నర్సుకి ఇద్దరికి మించకూడదు, జనరల్ మెడికల్, సర్జికల్ వార్డుల్లో 2005 నుంచి ఐదుగురికి మించకూడదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2016 నుంచి నిర్ణయించిన వార్డుల్లో పగలు సగటున నలుగురికొకరు, రాత్రి ఏడుగురికొకరు ఉండాలి. ఇవి కంఠతా పట్టమని కాదు. నువ్వు అడుగుతున్నది గొంతెమ్మ కోరిక కాదని నీకు తెలియాలని చెబుతున్నాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సినవి.

హ్యాండోవర్ మంచం దగ్గరే తీసుకో. డ్రిప్ ఎక్కడిదాకా వచ్చింది, నరానికి పెట్టిన గొట్టం, అదే క్యాన్యులా, చుట్టూ వాపుందా, ఆపరేషన్ గాయం నుంచి ద్రవం బయటికి తీసే డ్రైన్‌లో ఎంత ఉంది, నీ కళ్లతో చూడు. తీసుకుంటూనే ఒక్కొక్కరి పక్కన అంకె వేసుకో: తన పని తాను చేసుకునేవాళ్లకి 1, సాయం కావాల్సినవాళ్లకి 2, రెండు గంటలకోసారి చూడాల్సినవాళ్లకి 3, గంటగంటకీ చూడాల్సినవాళ్లకి 4. మొత్తం కూడు. నీది 17, పక్కమ్మాయిది 9 అయితే మాట్లాడాల్సింది అప్పుడే, నాలుగు గంటలు గడిచి ఏడుపొచ్చాక కాదు. ఇంకో కారణం కూడా ఉంది. పేషెంట్లని ఒప్పుకున్నాక మధ్యలో వదిలేసి వెళ్తే రోగిని గాలికొదిలేసినట్టు లెక్క, నీ రిజిస్ట్రేషన్ మీదికి రావచ్చు. అభ్యంతరం ఎప్పుడూ ఒప్పుకోకముందే చెప్పాలి.

"చాలా బిజీగా ఉంది సిస్టర్" అంటే ఎవరి చెవికీ ఎక్కదు, ఆ మాట అందరూ అంటారు. ఇలా చెప్పు: "సిస్టర్, మూడో బెడ్‌కి గంటగంటకీ షుగర్ ఉంది. ఐదో బెడ్‌కి ఇప్పుడే రక్తం మొదలుపెట్టాను. ఆరో బెడ్ ఆపరేషన్ నుంచి వచ్చి అరగంటైంది, న్యూస్ స్కోరు 5. ఇప్పుడు కొత్త అడ్మిషన్ తీసుకుంటే ఆరో బెడ్ వైటల్స్ టైముకి పడవు. అడ్మిషన్ వేరేవాళ్లకైనా ఇవ్వండి, మూడో బెడ్‌నైనా మార్చండి." స్కోరు చెప్పడం మర్చిపోకు. న్యూస్ అంటే బీపీ, నాడి, శ్వాస లాంటి వైటల్స్ చూసి వేసే మార్కుల మొత్తం, ఎంత పెరిగితే అంత ప్రమాదం. 5 వచ్చిందంటే డాక్టర్ తొందరగా వచ్చి చూడాలి, కనీసం గంటకోసారి వైటల్స్ తీయాలి. 7 అయితే అది ఎమర్జెన్సీ. అది నీ అభిప్రాయం కాదు, కొలత. కొలతతో ఎవరూ వాదించలేరు.

కుదరదంటే ఒకే ప్రశ్న అడుగు, మర్యాదగా: "అయితే ఏది ఆపమంటారు సిస్టర్?" ఏది వెనక్కి పోవాలో నిర్ణయించే బాధ్యత పంచినవాళ్లది. అది నువ్వొక్కదానివే తల మీద వేసుకోకు. వాళ్లు చెప్పింది, చెప్పిన టైముతో సహా రాసి పెట్టుకో.

రాయడంలో జాగ్రత్త చాలా ముఖ్యం, అందుకే విడిగా చెబుతున్నాను. కేస్ షీట్‌లో పేషెంట్‌కి ఏం జరిగిందో, నువ్వేం చేశావో మాత్రమే ఉండాలి. రెండింటికి తిప్పాల్సింది నాలుగింటికి తిప్పితే నాలుగనే రాయి. చేయని పని చేసినట్టు టిక్కు పెట్టకు. అది పేషెంట్‌కి అపాయం, రేపు విచారణలో నీ ఉద్యోగానికీ అపాయమే. పైగా ఆ దొంగ టిక్కు వార్డులో మనుషులు సరిపోతున్నారని సాక్ష్యం చెబుతుంది. స్టాఫ్ కొరత సంగతి కేస్ షీట్‌లో రాయకు, దానికి ఇన్సిడెంట్ రిపోర్టు ఉంది. అందులో "స్టాఫ్ లేక" అని ఊరుకోకుండా "సాయంత్రం 6.10కి 14 మంది పేషెంట్లు, ఇద్దరు నర్సులు, ఒకరు రక్తం ఎక్కిస్తూ బెడ్ దగ్గర ఉన్నారు, 6 గంటల ఇన్సులిన్ 6.50కి పడింది" అని రాయి. ఎవరినీ తిట్టకు. నీ సొంత నోటుబుక్‌లో తేదీ, షిఫ్ట్, ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది నర్సులు, ఎవరికి చెప్పావు, ఏం జవాబొచ్చింది అని ఒక్కో లైను చాలు. పేషెంట్ల పేర్లు అందులో ఎప్పుడూ రాయకు.

తిండి మానేసి, డ్యూటీ అయిపోయిందని సంతకం పెట్టి, ఆ తర్వాత ఇంకో గంట కూర్చుని ఛార్టులు పూర్తిచేస్తున్నావని నాకు తెలుసు. నీ మంచితనం కాదనను. కానీ ఆ గంట ఏ రిజిస్టర్లోనూ లేదు. పైవాళ్లకి ఆరుగురి పని ఎనిమిది గంటల్లో సాఫీగా అయిపోతున్నట్టే కనిపిస్తుంది, వచ్చే నెల ఏడోవాడిని ఇస్తారు. ఆగాల్సి వస్తే ఓవర్‌టైమ్ రాయి. డబ్బు ఇవ్వకపోయినా సరే, రాయి.

ఎంత పరుగులో ఉన్నా రెండు మాత్రం తగ్గించుకోకు. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, పొటాషియం ఇచ్చే ముందు రెండో నర్సు చేత సరిచూపించడం ఒకటి. ముగ్గురివి సిరంజిలు ఒకేసారి నింపి లేబుల్ లేకుండా ట్రేలో పెట్టుకోకపోవడం రెండోది. మధ్యలో ఎవరో పిలిచి, నువ్వెళ్లి తిరిగొచ్చేసరికి ఆ మూడూ ఒకేలా కనిపిస్తాయి.

ఒంటరిగా వెళ్లి గొడవపడకు. ముగ్గురు నలుగురు కలిసి ఆరు వారాల నోటుబుక్ లైన్లు ఒక కాగితం మీదికెక్కించి నర్సింగ్ సూపరింటెండెంట్‌ని టైమడిగి కలవండి. రెండే కోరండి: పంపకం పేషెంట్ల పక్కన వేసిన ఆ 1 నుంచి 4 అంకెల మొత్తం చూసి జరగాలి, ఇన్‌ఛార్జ్‌కి పేషెంట్లని ఇవ్వకూడదు. సాయంత్రం డ్యూటీ చేసి మర్నాడు పొద్దున్నే రమ్మనే రోస్టర్ ఉంటే అదీ చూపించండి. యూరప్ చట్టంలో 24 గంటల్లో వరసగా 11 గంటల విశ్రాంతి ఉండాలని ఉంది. పన్నెండున్నర గంటలు, అంతకు మించి పనిచేసిన షిఫ్టుల్లో తప్పులు జరిగే అవకాశం మూడు రెట్లని 2004లో అమెరికన్ నర్సుల మీద చేసిన అధ్యయనంలో తేలింది.

రిపోర్టు రాసినందుకు కక్ష కడితేనో, రాసిన టైము దిద్దమంటేనో మాత్రం ఇంక అక్కడ ఉండకు. వేరే చోటు చూసుకో. నోటీసు గడువు పూర్తిచేసి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికి తీసుకుని మరీ బయటికి రా.

ఆఫ్ రోజున వార్డు నుంచి ఫోనొస్తే "ఈ రోజు రాలేను సిస్టర్" అంటే చాలు. కారణం చెప్పకు, చెబితే దాని మీద బేరం మొదలవుతుంది. శనివారం ఆఫ్ అన్నావుగా, ఫోన్ అవతల పెట్టి కడుపు నిండా తిని పడుకో. లేచాక నాకు చెయ్యి, ఎంత ఆలస్యమైనా పర్లేదు.

అమ్మ