దండం ఎవరికి పెట్టాలి?

సంపాదకులకు నమస్కారం.

దేవుడిపై నమ్మకం సడలినవారి జీవితానికి ఇక అర్థమే ఉండదని ఒకరు, ఆ నమ్మకం పోవడమే విముక్తి అని మరొకరు రాసిన లేఖలు మీ పత్రికలో చదివాను. ఇద్దరి మాటా నా అనుభవానికి సరిపడలేదు కనుక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది తరతరాలుగా సింహాద్రి అప్పన్నను ఇలవేల్పుగా కొలిచే కుటుంబం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసిన మర్నాడు, డాబా ఇంట్లో క్షేమంగా మిగిలిన మమ్మల్ని చూసి మా అమ్మ ‘అప్పన్నే కాచాడు’ అని చేతులు జోడించింది. సరిగ్గా అప్పుడే ఎదురింటివారు, ఎగిరిపోయిన తమ ఇంటి రేకులను వీధి చివరి మురుగు కాలువలోంచి ఈడ్చుకొస్తున్నారు. మరి వాళ్లను ఎందుకు కాయలేదన్న ప్రశ్న నా నోట రాలేదు గాని లోపల నానుతూనే ఉండిపోయింది. కొబ్బరికాయలా ఒక్క దెబ్బకు పగిలిన నమ్మకం కాదు నాది. రెండు మూడేళ్లలో మెల్లగా కరిగిపోయింది.

భయం పోయింది, నిజమే. కాని మా అమ్మాయికి కాన్పు కష్టమై, చివరికి తల్లీబిడ్డా క్షేమమని నర్సు వచ్చి చెప్పినప్పుడు నా చేతులు వాటంతటవే పైకి లేచాయి. ఆ దండం ఎవరికి పెట్టాలో తెలియక నర్సుకే పెట్టాను. ‘అయ్యో, పెద్దవారు’ అని ఆమె కంగారుపడింది. విముక్తి అని రాసినవారు ఈ వెలితిని లెక్కలోకి తీసుకోలేదు.

1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పిన గోరా (గోపరాజు రామచంద్రరావు) దైవాన్ని కాదనడంతో ఆగలేదు. అంటరానితనం పోవాలని సహపంక్తి భోజనాలు పెట్టించారు, కులాంతర వివాహాలు జరిపించారు. దేవుడు చూసుకుంటాడులే అని తప్పుకునే వీలు నాకు లేదు కనుక పక్కవారి కష్టం కొంతైనా నా వంతు అవుతుందని ఆయన గురించి చదివాకే తోచింది. నేను ఆయనంతటివాణ్ణి కాను, నా వంతు మజ్జిగ దగ్గరే ఆగింది.

ఆషాఢ పౌర్ణమి ముందురోజు అప్పన్న కొలువైన సింహాచలం కొండ కింది తొలిమెట్టు, తొలిపావంచ దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ మా వెంకోజీపాలెం మీదుగానే సాగుతుంది. నేను నడవడం మానేశాను గాని, ఆ ఎదురింటివారితో కలిసి రాత్రంతా మజ్జిగ పోయడం మానలేదు. అల్లం, కరివేపాకు దంచి కలపడం నా పని. పోయినేడు అర్ధరాత్రి దాటాక, అరికాళ్లు పొక్కిన ఒక ముసలమ్మ మా అరుగు మీద కూలబడితే కాళ్ల మీద చన్నీళ్లు పోశాను. ‘నువ్వు నడవ్వేటి బాబూ?’ అని అడిగింది. మోకాళ్ల నొప్పులని చెబుదామా అని ఒక్క క్షణం తటపటాయించి, ‘నాకు నమ్మకం లేదమ్మా’ అన్నాను. ఆమె గ్లాసు ముందుకు చాచి, ‘సర్లే, ఇంకాసిని పొయ్యి’ అంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
వెంకోజీపాలెం, విశాఖపట్నం.