నేను పేరు కూడా అడగని ఆ సిస్టర్ గారికి కృతజ్ఞతలు

మా పాపకు ఇవాళ్టికి పది వారాలు నిండాయి. మూడు రోజుల క్రితం సాయంత్రం, ఒక ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగం డ్రెస్సింగ్ గదిలో మాకు సాయం చేసిన సిస్టర్ గారికి కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను. ఆవిడ పేరు నేను అడగలేదు. అడగాలన్న స్పృహ కూడా ఆ సమయంలో నాకు లేదు. ఈ మూడు రాత్రులూ నిద్ర సరిగా లేదు కాబట్టి, చెప్పవలసినవి ఒక క్రమంలో రాకపోతే చదివేవారు మన్నించాలి.

ముందు సంగతి ఏమిటో చెప్పాలి. మా పాపవి డొప్ప చెవులు. ఈ మాట నా చేత్తో రాయడానికి నాకు పది వారాలు పట్టింది, ఎందుకంటే చిన్నప్పుడు బడిలో నన్ను పేరు పెట్టి కాకుండా ఈ మాటతోనే పిలిచేవారు. నా చెవులు తలకు ఆనకుండా పక్కలకు నిలబడి ఉంటాయి. మా నాన్నగారివీ అంతే. తరగతి ఫొటో తీసే రోజున వెనక వరుసలో నిలబడి, పక్కవాడి భుజం చాటున ఒక చెవినైనా దాచుకోవాలని ప్రయత్నించేవాణ్ణి. పెద్దయ్యాక జుట్టు పెంచి కప్పుకున్నాను. ఆ తర్వాత ఆ విషయం మరిచిపోయాననే అనుకున్నాను. పాప పుట్టిన రోజున, తువ్వాలు మడతలోంచి నాకు మొదట కనిపించినవి ఆ రెండు చెవులే. కిటికీ వెలుతురు వెనక నుంచి పడి అవి ఎర్రగా, లోపలి సన్నని నరాలు కూడా కనిపించేంత లేతగా ఉన్నాయి. చూసిన సంతోషం ఒక్క క్షణమే; ఆ వెంటనే నా గుండెలో రాయి పడింది.

చూడవచ్చిన వారందరూ ఓదార్చారు. ఆడపిల్లే కదా, జుట్టు పెరిగితే కనబడవులే అన్నారు. వారు మంచి మనసుతోనే అన్నారని నాకు తెలుసు. కానీ జుట్టు కింద దాచుకుని బతకడం అంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టి ఆ మాట నాకు ఓదార్పుగా వినబడలేదు.

నాలుగో రోజున ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరును అడిగాను. పెరిగే కొద్దీ అవే సర్దుకుంటాయి అన్నారు. పదిహేనో రోజు పరీక్షకు వెళ్ళినప్పుడు మళ్ళీ అడిగితే మళ్ళీ అదే సమాధానం వచ్చింది. సర్దుకోలేదు. మెడ నిలబడని పాపను ఒక పక్కకు పడుకోబెట్టినప్పుడల్లా కింది చెవి ముందుకు మడత పడేది, దాన్ని వేలితో వెనక్కి సర్ది, కాసేపు అలాగే పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఏడో వారంలో, ఎవరో చెప్పిన మాట పట్టుకుని, నా భార్య నిద్రపోయాక రాత్రిపూట పాప చెవులను వెనక్కి వంచి టేపు అంటించడం మొదలుపెట్టాను. ఉదయం స్నానానికి ముందే తీసేసేవాణ్ణి. పైన టోపీ ఉండేది కాబట్టి ఎవరికీ తెలియలేదు. చెవుల వెనక కొద్దిగా ఎరుపు కనిపించినా వేడికి అనుకుని సరిపెట్టుకున్నాను. టేపు మొదలుపెట్టిన మూడో వారానికి చర్మం చెమర్చింది, టేపు అందులో కరుచుకుపోయింది, ఒక ఉదయం తీయబోతే టేపుతో పాటు సన్నని పొర లేచి వచ్చింది. ఆ ఏడుపు నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు. నా భార్య లేచి వచ్చి చూసింది. ఆమె ఒక్క మాట అనలేదు.

ఆసుపత్రిలో మా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. లోపలికి వెళ్ళాక మొదట చూసిన వారు, ఇంకా రెండు చెవులకూ అంటుకుని ఉన్న టేపును చూసి, ఇది ఎవరు చేశారని గట్టిగా అడిగారు. నేను బదులు చెప్పేలోపే, ఇలాంటివి చేసి తీసుకొస్తారు అని పక్కవారితో అన్నారు. అన్నదాంట్లో తప్పు లేదు. కానీ పాప ఏడుస్తోంది, నా చేతులు వణుకుతున్నాయి, గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు. సరిగ్గా ఆ సమయానికి భుజానికి సంచి తగిలించుకుని ఇంటికి బయలుదేరిన ఒక సిస్టర్ గారు గుమ్మంలో ఆగారు. ఆవిడ డ్యూటీ అప్పటికే అయిపోయింది. సంచి కుర్చీలో పెట్టి, చేతులు కడుక్కుని, ‘పాపను ఇలా ఇవ్వండి, నేను చూస్తాను’ అన్నారు.

తర్వాతి నలభై నిమిషాలు ఎలా గడిచాయో వివరంగా రాయాలని ఉంది. ఆవిడ ముందుగా నూనె సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టారు. దూదిని అందులో ముంచి టేపు అంచు వెంబడి అద్ది, ఆగారు. మళ్ళీ అద్ది, మళ్ళీ ఆగారు. టేపును పైకి లాగకూడదని, ఒక వేలితో చర్మాన్ని కింద ఆనించి పట్టుకుని, టేపును తన మీదకు తనే మడత పడేలా నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ రావాలని చెబుతూ, వెంట్రుక మందం చొప్పున విప్పారు. పాప ఏడుపు మధ్యలో ఆగింది. మొదటి చెవి సగం అయ్యేసరికి ఆవిడ వేలు పట్టుకుని పడుకుంది.

టేపు వేసింది నేనేనని అప్పుడు చెప్పాను. ఆవిడ తల ఎత్తకుండానే, ‘తెలుసండీ. మూలలు పాపకు గుచ్చుకోకుండా గుండ్రంగా కత్తిరించారు, చూశాను’ అన్నారు.

నేను అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటతో నిలబడలేక గోడకు ఆనుకున్నాను. మూలలు గుచ్చుకుంటాయేమోనని రాత్రి దీపం దగ్గర కూర్చుని చిన్న కత్తెరతో ఒక్కొక్క ముక్కా గుండ్రంగా చేసిన సంగతి నిజమే. అందరూ నేను చేసిన గాయాన్ని చూశారు. ఆ మూలలను ఆవిడ ఒక్కరే చూశారు.

నూనె నానే వరకు ఆగాలి కదా, ఆ ఖాళీలో ఆవిడ గాజుగుడ్డ పొట్లం మీది కాగితం తీసుకుని నాకు చెవి నిర్మాణం చూపించారు. చదునుగా ఉన్న కాగితం అంచును పట్టుకుంటే అది నేరుగా నిలబడింది. మధ్యలో ఒక మడత వేయగానే పై అంచు దానంతట అదే వెనక్కి వాలింది. చెవి పైభాగంలో ఉండే ఆ మడతను యాంటీహెలిక్స్ అంటారట. మా పాపకు అది సరిగా ఏర్పడలేదు, అంతే. కొందరికి మడత ఉన్నా, చెవి మధ్యనున్న గిన్నెలాంటి భాగం లోతుగా ఉండి చెవిని బయటకు నెడుతుందట. చెవికి ఆకారమిచ్చే మెత్తని ఎముకలో, అంటే మృదులాస్థిలో, లోపించినది ఏమీ లేదని, లోపలి చెవికి దీనితో సంబంధం లేదని, పుట్టినప్పుడు చేసిన వినికిడి పరీక్షలో పాప రెండు చెవులూ బాగానే వచ్చాయి కదా అని గుర్తు చేశారు. ఆ తర్వాత ఒకసారి పాప చెవి వైపు, ఒకసారి నా వైపు చూశారు. ఏమీ అనలేదు. నేను ఆ రోజు హడావిడిలో జుట్టు వెనక్కి దువ్వుకుని వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది.

మొదటి చెవి పూర్తయింది. చర్మం కందిపోయి ఉంది కానీ ఇంకెక్కడా చిరగలేదు. ఆవిడ లేచి, తను కూర్చున్న కుర్చీ నా వైపు జరిపి, ‘రెండో చెవి మీరు తీయండి’ అన్నారు. నా వల్ల కాదన్నాను. ‘మీ వల్లే అవుతుంది. ఇవాళ తీయకపోతే రేపటి నుంచి పాపను ముట్టుకోవడానికి భయపడతారు’ అన్నారు. నా చేతిలో దూది పెట్టి, పక్కన నిలబడ్డారు. నా వేలు తడబడినప్పుడల్లా మాటతోనే సరిదిద్దారు తప్ప ఒక్కసారి కూడా నా చేతిలోంచి తీసుకోలేదు. పాప నిద్ర లేవలేదు. చివరి అంచు ఊడి వచ్చిన ఆ క్షణాన్ని నేను జీవితంలో మరిచిపోలేను.

బయట ఉన్న నా భార్య దగ్గరికి కూడా ఆవిడే వచ్చి, చర్మం మానేదాకా ఏం రాయాలో, ఎలా పొడిగా ఉంచాలో చెప్పి, ‘నాన్నగారికి అన్నీ చూపించాను, ఆయన చూసుకుంటారు’ అన్నారు. ఆ ఒక్క వాక్యంతో మా ఇంట్లో నా చోటు నాకు తిరిగి దొరికింది. నేను దణ్ణం పెట్టేలోపే ఆవిడ సంచి తగిలించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మర్నాడు పెద్ద డాక్టరు గారు చూశారు. ఆయన ఓపికగా చెప్పిన విషయాలే నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వడం లేదు. పుట్టిన కొత్తలో తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజన్ అనే హార్మోను బిడ్డ ఒంట్లో ఎక్కువగా ఉంటుందట, దాని ప్రభావంతో చెవి మృదులాస్థిలో హయలురోనిక్ ఆమ్లం అనే పదార్థం పెరిగి, అది మైనంలా చెప్పినట్టు వంగుతుందట. మొదటి ఆరు వారాల్లో ఆ ఈస్ట్రోజన్ తగ్గిపోతుంది, చెవి గట్టిపడుతుంది. ఆ మెత్తదనం ఉండగానే, వీలైతే మొదటి రెండు మూడు వారాల్లోనే, మడత పడవలసిన చోట చిన్న అచ్చు అమర్చి కొన్ని వారాలు ఉంచితే చాలామంది పిల్లల్లో ఆపరేషన్ అవసరం లేకుండానే చెవి ఆకారం చక్కబడుతుంది. జపాన్‌లో మత్సువో అనే వైద్యుడు, ఆయన సహచరులు 1984లోనే దీని గురించి వైద్య పత్రికలో రాశారు. నేను వేసిన టేపు ఏడో వారంలో మొదలైంది, మడతలో ఏ అచ్చూ లేదు. అది చెవిని నొక్కి పెట్టిందే తప్ప మలచలేదు.

1984. అంటే నలభై ఏళ్ళు దాటాయి. కృతజ్ఞతలు చెప్పే చోట ఫిర్యాదు రాయకూడదనుకున్నాను, కానీ రాయకుండా ఉండలేకపోతున్నాను. మా పాప పుట్టిన చోట గుండె విన్నారు, తుంటి కీళ్ళు తిప్పి చూశారు, అంగిలి చూశారు, కళ్ళు చూశారు, వినికిడి పరీక్షించారు, ప్రతిదానికీ కాగితం మీద ఒక గీత పెట్టారు. అందుకు వారికి రుణపడి ఉన్నాను. కానీ వినికిడి పరీక్ష చేసేటప్పుడు ఆ చెవిని చేత్తో పట్టుకుని, దాని ఆకారం గురించి తండ్రి అడుగుతుంటే, ఆరు వారాలు దాటితే ఒక దారి మూసుకుపోతుందన్న ఒక్క వాక్యం ఎవరూ చెప్పలేదు. పైగా తొమ్మిదో వారంలో మరొకచోట చూపిస్తే, ఇంత ఆలస్యంగా ఎందుకు తెచ్చారని నన్నే అడిగారు. కొందరు పిల్లల చెవులు మొదటి రోజుల్లో వాటంతట అవే చక్కబడతాయన్నది నిజమే. అచ్చు పెట్టించుకోవాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం అన్నదీ నిజమే. ఆలోచించుకునే అవకాశం మాకు ఇవ్వలేదన్నదే నా బాధ. ఇది చదివేవారి ఇంట్లో పురిటిబిడ్డ ఉండి, చెవుల గురించి మనసులో ఏ మూలో అనుమానం ఉంటే, దయచేసి మొదటి వారాల్లోనే చెవి, ముక్కు, గొంతు నిపుణులకో, ప్లాస్టిక్ సర్జన్‌కో చూపించండి. ఇంట్లో టేపు మాత్రం వేయకండి.

ఇక మిగిలినది ఆపరేషన్. అది కొత్తదేమీ కాదు, ఎలీ అనే వైద్యుడు 1881లోనే నిలబడిన చెవులకు శస్త్రచికిత్స చేశారు. 1963లో ముస్టార్డే అనే సర్జన్ చెప్పిన కుట్ల పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు. అయితే అది సాధారణంగా చెవి దాదాపు పూర్తిగా ఎదిగాక, ఐదారేళ్ళు వచ్చిన తర్వాతి మాట. అప్పటికి పాప మాట్లాడుతుంది. కావాలో వద్దో తనే చెబుతుంది. నా బడి ఫొటోలను తన తల మీదికి తేకూడదని ఈ మూడు రాత్రుల్లో నిశ్చయించుకున్నాను. నిన్న జుట్టు కత్తిరించుకున్నాను.

నా భార్య, మా అమ్మ, మా అత్తగారు ఈ పది వారాలూ పాపను కంటికి రెప్పలా చూసుకున్నారు. వారికి నేను వేరే చెప్పనక్కర్లేదు.

రాయడం ముగించాననుకున్నాక గుర్తొస్తున్నవారు కొందరున్నారు, క్షమించాలి. పాప ఏడుపు విని తన వంతు మాకిచ్చి, తను ఇంకో గంట కూర్చున్న పెద్దావిడకు కృతజ్ఞతలు. మర్నాడు అంతసేపు మాతో మాట్లాడిన డాక్టరు గారికి కృతజ్ఞతలు పైన చెప్పనే లేదు, ఇప్పుడు చెబుతున్నాను. పాత పరీక్షల కాగితాలు వెతికి ఇచ్చిన రికార్డుల గది అబ్బాయికి, రాత్రి మందు కోసం తన బండి మీద వెళ్ళి వచ్చిన పై ఇంటాయనకు కూడా.

ఇంకొకరు. రెండోసారి టేపు కొనడానికి వెళ్ళినప్పుడు, ఎవరికోసమని అడిగి, చంటిపిల్లల చర్మానికి ఇది పనికిరాదు, వద్దండీ అని చెప్పిన మందుల దుకాణం అమ్మాయి. పెద్దవాళ్ళకే అని మీతో అబద్ధం చెప్పి తెచ్చుకున్నాను. మీరు చెప్పిందే నిజమమ్మా. మిగిలిన ఆ చుట్టను నిన్న పారేశాను.