సబ్‌గా పిలవాలంటే ముందు యూనియన్ కార్డు చూపించాలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను అమెరికాలో సింఫనీ ఆర్కెస్ట్రాల్లో సబ్‌గా వయోలిన్ వాయిస్తుంటానండి, అంటే పర్మనెంట్ వాళ్లలో ఎవరికైనా ఒంట్లో బాలేకపోతేనో సెలవు పెడితేనో ఆ కుర్చీలో ఆ వారానికి కూర్చునేది మాలాంటి వాళ్లే. మనవాళ్ల పిల్లలు కూడా ఈ లైన్లోకి వస్తున్నారు కాబట్టి రాస్తున్నా.

మొన్న ఒక కుర్రాడు ఫోన్ చేసి, అన్నా, ముందు యూనియన్లో చేరు అప్పుడే సబ్ లిస్టులో పేరు ఎక్కిస్తాం అంటున్నారు, ఇదేం రూలు అన్నాడు. అలాంటి రూలు లేదు. మెంబరైతేనే పనిలోకి తీసుకుంటాం అనే పద్ధతిని 1947లో టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం తీసేసింది, ఆర్కెస్ట్రా, యూనియన్ తమ కాంట్రాక్టులో మెంబర్‌షిప్ తప్పనిసరి అని రాసుకున్నా పనిలో చేరాక 30 రోజులు టైమివ్వాల్సిందే, టెక్సస్, ఫ్లోరిడా లాంటి రైట్ టు వర్క్ రాష్ట్రాల్లో అయితే ఆ తర్వాత కూడా చేరి తీరాలని పట్టుబట్టకూడదు. (ఏడాది ఆదాయం 10 లక్షల డాలర్లు లేని చిన్న ఆర్కెస్ట్రాల జోలికి మాత్రం ఈ చట్టం అమలు చూసే ఫెడరల్ లేబర్ బోర్డు రాదు, అది వేరే గొడవ.)

అలాగని నేను యూనియన్‌కి వ్యతిరేకం కాదు, చందా కట్టే మెంబర్నే. రిహార్సల్ అయినా కచేరీ అయినా ఒక్కో సర్వీసుకి ఇంత అని మాకొచ్చే రేటు వాళ్లు బేరమాడి తెచ్చిందే, మెంబర్ కాని సబ్ కూడా అదే రేటు తీసుకుని వెళ్తున్నాడంటే చేరమని అడగడంలో తప్పేముంది? అడగొచ్చు, బెదిరించకూడదు అంతే.

నా బాధ అసలు వేరే. పర్మనెంట్ ఉద్యోగం ఆడిషన్‌కి మధ్యలో తెర కడతారు, చెప్పుల చప్పుడుకి ఆడో మగో తెలిసిపోతుందని కింద కార్పెట్ కూడా పరుస్తారు. అదే సబ్ దగ్గరికొచ్చేసరికి తెర లేదు ఏమీ లేదు, వాయించేవాళ్లని పిలిచే పర్సనెల్ మేనేజర్ ఫోన్లో ఎవరి నంబరుంటే వాళ్లకే కాల్, లేదా సెక్షన్ లీడర్ శిష్యులకి. ఒకచోట నేను ఒక్కసారి కుదరదన్నాను, ఆ తర్వాత రెండేళ్లు పిలుపే లేదు, కారణం అడిగితే చెప్పేవాళ్లు లేరు. కొన్ని ఆర్కెస్ట్రాలు ఆడిషన్ ఫైనల్స్ దాకా వచ్చినవాళ్లని ముందు పిలుస్తాయి, ఆ వరసేదో కాంట్రాక్టులోనే రాయించి లిస్టు అందరికీ కనపడేలా పెట్టించమని మా యూనియన్ వాళ్లని ఎన్నిసార్లు అడిగానో, ప్రతిసారీ జీతాల బేరం దగ్గరే టైమైపోతుంది, సబ్‌ల సంగతి వచ్చే కాంట్రాక్టుకి అంటారు.

ఆ కుర్రాడు చివరికి తన ఇష్టంతోనే మెంబరయ్యాడు. ఫోన్ మాత్రం ఇంకా రాలేదట.

ఇట్లు,
ఒక సబ్ వయోలినిస్టు